ఎయిర్ ఇన్‌టేక్ మార్చిన దగ్గర్నుంచి ఆటోమేటిక్ గేర్లు తేడాగా పడుతున్నాయి

కేఆర్‌పురం_కిట్టు
మూడు వారాలుగా ఇదే టెన్షన్. 2018 మోడల్ పెట్రోల్ సెడాన్, 1.6 ఇంజిన్, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. 71,000 కిలోమీటర్లు తిరిగింది. ఇన్నేళ్ళలో గేరు ఎప్పుడు మారిందో కూడా తెలిసేది కాదు, అంత మెత్తగా నడిచేది.

బెంగళూరు జేసీ రోడ్డు వైపు ఒక షాపులో కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్ వేయించాను. కంపెనీ ప్లాస్టిక్ డబ్బా తీసేసి, అల్యూమినియం పైపు, చివర నూనె పూసే కాటన్ కోన్ ఫిల్టర్ పెట్టారు. మొదటి రెండు రోజులు సంబరంగా ఉంది, పికప్ పెరిగిందనిపించింది. మూడో రోజు నుంచి రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ గుంయ్‌మని 400, 500 ఆర్‌పీఎం పైకి లేచి, ఆ తర్వాత గేరు పడుతోంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో కాలు తీసి మళ్ళీ మెల్లగా తొక్కితే కింద నుంచి ఎవరో తన్నినట్టు దబ్‌మంటోంది.

చెక్ ఇంజిన్ లైట్ మాత్రం రాలేదు. షాపు వాళ్ళేమో గాలి పైపుకీ గేర్‌బాక్స్‌కీ సంబంధం లేదన్నారు. సర్వీస్ సెంటర్‌లో గేర్‌బాక్స్ దించి చూడాలి, లక్ష దాటొచ్చు అన్నారు. వచ్చే నెల అమ్మ మొక్కు తీర్చడానికి తిరుమల వెళ్ళాలి. నిజంగా సంబంధం లేదా?

హెబ్బాళ్_హరి
షాపు వాళ్ళు చెప్పిందే నిజం. గాలి ఇంజిన్‌లోకి వెళ్తుంది, గేర్‌బాక్స్‌లోకి కాదు. 71,000 తిరిగిన బండికి ఏటీఎఫ్, అంటే గేర్‌బాక్స్ నూనె, ఎప్పుడైనా మార్చారా? నూనె పాడైతే సరిగ్గా ఇవే లక్షణాలు. కిట్ వేసిన వారంలోనే రావడం కాకతాళీయం.

మారతహళ్ళి_మధు
కిట్ వేసిన మూడో రోజే వచ్చింది కదా హరి అన్నా. 71,000 కిలోమీటర్లు ఊరుకున్న నూనె సరిగ్గా ఆ రోజే పాడైందా?

ఓబీడీ_అక్క
సంబంధం ఉంది కిట్టూ. కొంచెం పొడవుగా చెప్తాను, ఓపిగ్గా చదువు. ఇది అర్థమైతే లక్ష రూపాయలు మిగలొచ్చు.

నీ బండిలో ఎయిర్ ఫిల్టర్ దాటగానే పైపు మీద గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉంటుంది. లోపల సన్నటి తీగ, కరెంటుతో వేడిగా ఉంచుతారు. గాలి దాన్ని చల్లారుస్తూ పోతుంది. మళ్ళీ అంతే వేడికి తేవడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, సెకనుకి ఎన్ని గ్రాముల గాలి లోపలికి పోతోందో ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, లెక్క కడుతుంది. ఎంత పెట్రోల్ చిమ్మాలి అన్నది ఆ లెక్క మీదే. ఇంజిన్ ఇప్పుడు ఎంత టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తోంది అన్నదీ ఆ లెక్క మీదే.

ఆ టార్క్ అంకెను ఈసీయూ గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి, అంటే టీసీయూకి, క్షణక్షణం పంపుతుంది. లోపల క్లచ్ ప్లేట్లను ఎంత నూనె ఒత్తిడితో బిగించాలో టీసీయూ దాన్ని బట్టే నిర్ణయిస్తుంది. ఎక్కువ టార్క్ వస్తుంటే గట్టిగా, తక్కువైతే మెత్తగా. గేరు ఎప్పుడు మారాలి అన్నది చాలావరకు నీ కాలు, బండి వేగం చూసుకుంటాయి. ఎంత గట్టిగా పట్టుకుని మారాలి అన్నది మాత్రం టార్క్ లెక్క చూసుకుంటుంది.

సెన్సర్ తక్కువ చెప్తే ఇంజిన్ 100 ఇస్తుంటే గేర్‌బాక్స్ 85కి సరిపడా మాత్రమే బిగిస్తుంది. మూడో గేరు క్లచ్ పట్టేలోపు జారుతుంది. నువ్వు వింటున్న గుంయ్ అదే.

పాత పైపు ఉందా? సెన్సర్ కూర్చునే చోట లోపలి వ్యాసం ఎంతో కొలిచి, కొత్తదీ కొలిచి చెప్పు. నీ సమస్యకు ఆ రెండు అంకెలే మొదలు.

సిల్క్‌బోర్డ్_శీను
అక్కా, జారుడు సరే, మరి దబ్‌మనడం ఎందుకు? తక్కువ ఒత్తిడి అయితే మెత్తగా పడాలి కదా.

ఓబీడీ_అక్క
మంచి ప్రశ్న శీనూ. క్లచ్ జారిందని టీసీయూకి తెలుస్తుంది, లోపలికి వచ్చే వేగం, బయటికి పోయే వేగం రెండూ కొలుస్తుంటుంది కాబట్టి. ఈసారి కొంచెం ఎక్కువ ఒత్తిడి ఇద్దాం అని నేర్చుకుంటుంది. దాన్నే అడాప్టేషన్ అంటారు. ఆ పాఠం మెల్లగా తొక్కినప్పుడు కూడా అమలవుతుంది. అక్కడ అంత ఒత్తిడి అక్కర్లేదు, అందుకే దబ్. గట్టిగా తొక్కితే జారుడు, మెల్లగా తొక్కితే తన్ను. రెండూ కలిసి వస్తున్నాయంటే నాకు ముందు సెన్సర్ మీదే అనుమానం.

హెబ్బాళ్_హరి
అక్క చెప్పింది వినడానికి బాగుంది. నా హ్యాచ్‌బ్యాక్‌కి కోన్ ఫిల్టర్ వేసి 40,000 కిలోమీటర్లు. నాలుగు గేర్ల ఆటోమేటిక్. ఏమీ కాలేదు. మరి నాకెందుకు రాలేదు?

ఓబీడీ_అక్క
మీ బండిలో మాఫ్ ఉందా, మ్యాప్ ఉందా హరి గారూ? బానెట్ తీసి చూడండి. ఫిల్టర్ తర్వాత పైపు మీద వైర్లున్న సెన్సర్ లేకపోయి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల గుత్తి) మీద చిన్న సెన్సర్ ఉంటే అది మ్యాప్.

హెబ్బాళ్_హరి
చూశాను. మానిఫోల్డ్ మీదే ఉంది. పైపు మీద ఏమీ లేదు.

ఓబీడీ_అక్క
అందుకే. మ్యాప్ సెన్సర్ థ్రాటిల్ (గాలిని అదుపు చేసే తలుపు) దాటాక మానిఫోల్డ్‌లోని ఒత్తిడి కొలుస్తుంది. దానికి ముందు పైపు లావైనా సన్నమైనా దాని లెక్క తప్పదు. మీ అనుభవం నిజమే, మీ తరహా బండికి. కిట్టుది వేరే తరహా.

హెబ్బాళ్_హరి
సరే, ఒప్పుకుంటాను. అయినా ఏటీఎఫ్ సంగతి వదలకండి. లైఫ్‌టైమ్ నూనె అన్న మాటను నేను నమ్మను. మన ఎండకీ ట్రాఫిక్‌కీ 60,000 దాటితే మార్చాల్సిందే.

పాతబండి_మామ
ఇంజిన్ గాలికీ గేర్‌బాక్స్‌కీ బంధం ఈనాటిది కాదు బాబూ. కంప్యూటర్లు రాకముందు ఇంకా నేరుగా ఉండేది. అమెరికాలో 1969లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350 లాంటి గేర్‌బాక్సులకు పక్కన చిన్న డబ్బా ఉండేది, వ్యాక్యూమ్ మాడ్యులేటర్. ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి దానికో రబ్బరు గొట్టం. కాలు తీస్తే మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఎక్కువ, గేర్‌బాక్స్ మెత్తగా. నిండా తొక్కితే వ్యాక్యూమ్ పడిపోతుంది, గేర్‌బాక్స్ గట్టిగా, ఆలస్యంగా.

ఆ గొట్టం పగిలితే వ్యాక్యూమ్ అందక, ఎప్పుడూ నిండా తొక్కినట్టే అనుకునేది. ప్రతి గేరూ ఆలస్యంగా, దబ్‌మని. దిగుమతి బండ్లు బాగుచేసే షెడ్డులో కుర్రాడిగా పని చేసినప్పుడు గేర్‌బాక్స్ దించి, రెండు రోజులు విప్పి, ఏమీ దొరక్క మళ్ళీ బిగించాం. చివరికి మా మేస్త్రీ ఆ గొట్టాన్ని వేళ్ళతో వంచితే చీలిక నోరు తెరిచింది. జానెడు రబ్బరు ముక్క. అప్పటి నుంచి ఆటోమేటిక్ బండి వస్తే ముందు గాలి దారి చూసి, ఆ తర్వాతే స్పానర్ పడతాను.

వైట్‌ఫీల్డ్_వాసు
మామ గొట్టం కథ నాకు పోయిన ఏడాదే జరిగింది. నేనేమీ మార్చలేదు, కంపెనీ ఇన్‌టేకే. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఎలుకలు మాఫ్ తర్వాత ఉండే రబ్బరు బెలోస్‌ని కొరికేశాయి, మడత లోపల, పైకి కనపడని చోట. సెన్సర్ లెక్కలోకి రాని గాలి ఆ కంత నుంచి దూరిపోతోంది. గేర్ బాక్స్ మూడుకీ నాలుగుకీ మధ్య ఊగిసలాట. పొగ పెట్టి చూసే టెస్ట్ చేస్తే మడత లోంచి తెల్లగా పొగ వచ్చింది, చిటికెన వేలు పట్టేంత కంత. ముక్క మార్చాక రెండు రోజుల్లో సర్దుకుంది.

హెచ్ఎస్ఆర్_లావణ్య
నాది సీవీటీ. గేర్లే ఉండవు కాబట్టి నాకు ఈ గొడవ లేదనుకోవచ్చా? నేనూ ఇన్‌టేక్ వేయిద్దామని అడ్వాన్స్ ఇచ్చాను.

ఓబీడీ_అక్క
లావణ్యా, నీకే ఇంకా జాగ్రత్త కావాలి. సీవీటీలో స్టీల్ బెల్టును రెండు పుల్లీలు రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. ఎంత గట్టిగా నొక్కాలో ఈ టార్క్ లెక్కే చెప్తుంది. తక్కువ నొక్కితే బెల్టు పుల్లీ మీద జారుతుంది. అక్కడ గీతలు పడ్డాయంటే మళ్ళీ బాగుచేయడం ఉండదు, మార్చడమే. మాఫ్ ఉన్న బండి అయితే వద్దు తల్లీ.

హెచ్ఎస్ఆర్_లావణ్య
అడ్వాన్స్ వెనక్కి ఇస్తారో లేదో. ఇవ్వకపోయినా వద్దు.

కేఆర్‌పురం_కిట్టు
అక్కా, కొలిచాను. పాత ప్లాస్టిక్ పైపు అటక మీదే ఉంది. సెన్సర్ కూర్చునే చోట లోపల సరిగ్గా 60 మిల్లీమీటర్లు. కొత్త పైపు లోపలికి స్కేలు పట్టలేదు, అందుకని దారం చుట్టి కొలిచాను. చుట్టుకొలత 214. అంటే బయటి వ్యాసం 68. పైపు మందం ఒకటిన్నర, రెండు వైపులా 3 పోతే లోపల 65.

ఇంకో సంగతి. సెన్సర్ విప్పి టార్చ్ వేసి చూశాను. వెంట్రుకంత తీగ మీద తేనె రంగు పూత పట్టింది, దానికి సన్నటి పీచు అంటుకుని ఊగుతోంది. ఫిల్టర్‌కి పూసిన నూనె అనుకుంటా.

మారతహళ్ళి_మధు
5 మిల్లీమీటర్లకే ఇంత గొడవా?

ఓబీడీ_అక్క
5 అని తేలిగ్గా చూడకు మధూ. గాలి పోయేది వైశాల్యంలో. 60ని 60తో గుణిస్తే 3600, 65ని 65తో గుణిస్తే 4225. దారి 17 శాతం పెద్దదైంది. అంతే గాలి వెడల్పు దారిలో మెల్లగా పోతుంది. సెన్సర్ పైపు మొత్తాన్నీ చూడదు, తన ముందు నుంచి పోయే పాయనే చూస్తుంది, మిగతాది కంపెనీ వాళ్ళు 60 పైపుకి రాసిన లెక్క. మెల్లగా పోతున్న గాలిని చూసి 15 శాతం తక్కువ చెప్తుంది. దాని మీద నూనె పూత ఇంకాస్త తప్పు కలుపుతుంది.

లైట్ ఎందుకు రాలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. పెట్రోల్ తక్కువైందని ఆక్సిజన్ సెన్సర్ పసిగట్టి, ఇంకా పోయ్ ఇంకా పోయ్ అంటుంది. ఈసీయూ 17 శాతం దాకా కలిపి గాలికీ పెట్రోల్‌కీ 14.7కి 1 నిష్పత్తి నిలబెడుతుంది. చాలా బండ్లలో ఈ సవరణ 25 శాతం దగ్గరికి వస్తేగానీ పీ0171 అన్న కోడ్ పడదు. ఇంజిన్ తన తప్పు తానే దిద్దుకుని బాగానే నడుస్తుంది. గేర్‌బాక్స్‌కి వెళ్ళే టార్క్ లెక్కకు మాత్రం ఆ దిద్దుబాటు పూర్తిగా అందదు. లైట్ లేదు కదా అని ధీమాగా ఉండేవాళ్ళంతా ఇది గమనించాలి.

బండి కంప్యూటర్ అంకెలు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఉంటే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈ పెట్రోల్ సవరణే, చూడు. 5 శాతం లోపు ఉంటే ఆరోగ్యం. నీది 15 పైన ఉంటుందని నా అంచనా.

కేఆర్‌పురం_కిట్టు
ఆఫీసులో ఒకరి దగ్గర స్కానర్ తీసుకున్నాను. బండి వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిల్‌లో మాఫ్ 2.1 గ్రాములు. లాంగ్ టర్మ్ ట్రిమ్ 16.4 శాతం. అక్కా, మీ అంచనా అచ్చంగా నిజమైంది. చేతులు వణికాయి చూడగానే.

సిల్క్‌బోర్డ్_శీను
గేర్‌బాక్స్ దించుదాం అన్న సర్వీస్ సెంటర్ వాళ్ళు ఈ ఒక్క అంకె చూడలేదా? స్కానర్ వాళ్ళ దగ్గరా ఉంటుంది కదా. కోపమొస్తోంది.

తాంబరం_తేజ
చెన్నై నుంచి నా మాట. ఇక్కడ కోల్డ్ ఎయిర్ కిట్ అంటే ఇంకో భయం. ఫిల్టర్‌ని బంపర్ వెనక కిందికి దించుతారు, చల్లగాలి కోసం. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వానలకి మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. ఆ ఎత్తులో ఫిల్టర్ ఉంటే ఇంజిన్ నీళ్ళు తాగేస్తుంది. నీళ్ళు గాలిలా నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కంపెనీ వాళ్ళు గాలి నోరు పైన పెట్టింది ఊరికే కాదు.

మారతహళ్ళి_మధు
బెంగళూరులోనూ అంతే. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాక్టర్లలో ఆఫీసులకు వెళ్ళాం.

హెబ్బాళ్_హరి
కిందికి దించకుండా బానెట్ లోపలే పొట్టి పైపుతో పెడితే ఆ భయం లేదు.

తాంబరం_తేజ
అప్పుడు వేడి గాలి పీలుస్తుంది అన్నా. ట్రాఫిక్‌లో నిలబడితే బానెట్ కింద 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. బయట 35 అనుకుంటే సాంద్రత ఏడెనిమిది శాతం పడిపోతుంది. పికప్ తగ్గి ఇంకా తొక్కుతాం, తొక్కితే గేరు ఆలస్యంగా మారుతుంది. పెరుగుదల కోసం డబ్బు పెట్టి తరుగుదల కొనుక్కున్నట్టు.

డీజిల్_బాబాయ్
మా డీజిల్ ఆటోమేటిక్‌లకు కొంచెం వేరు. డీజిల్‌లో టార్క్ లెక్క ముఖ్యంగా చిమ్మే డీజిల్‌ని బట్టి. మాఫ్‌ని ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) కోసం, పొగ రాకుండా డీజిల్‌కి హద్దు పెట్టడం కోసం వాడతారు. సెన్సర్ తక్కువ చెప్తే డీజిల్ కోసేస్తుంది, బండి ఎత్తు ఎక్కదు. గేరు కంటే ముందు పికప్‌లో తెలుస్తుంది.

నందిహిల్స్_నాని
బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా, గాలే పలచన. మాఫ్ బండ్లు ఇక్కడ ఎప్పుడూ తక్కువే చెప్తాయా?

ఓబీడీ_అక్క
తక్కువే చెప్తుంది నానీ, అది నిజం కూడా. చెన్నైతో పోలిస్తే ఇక్కడ ఒత్తిడి ఇంచుమించు పదో వంతు తక్కువ. గాలి తక్కువ, టార్క్ తక్కువ, సెన్సర్ ఉన్నదే చెప్తోంది. గేర్‌బాక్స్ దానికి తగ్గట్టే పట్టుకుంటుంది. చిక్కు పలచని గాలితో కాదు, తప్పు లెక్కతో.

కిట్టూ, ఇప్పుడు చేయాల్సింది. పాత డబ్బా, పాత పైపు తిరిగి పెట్టు. సెన్సర్‌ని మాఫ్ క్లీనర్ స్ప్రేతోనే కడుగు. కార్బురేటర్ క్లీనర్ వద్దు, ఇయర్ బడ్ అసలే వద్దు, తీగ తెగుతుంది. ఊదకు, గుడ్డ తగిలించకు. అరగంట దానంతట అదే ఆరనివ్వు. తర్వాత ట్రిమ్ చూడు. అప్పటిదాకా ఆ బండితో ఘాట్ ఎక్కకు. ఎత్తులో నిండా టార్క్‌తో క్లచ్ జారితే ప్లేట్లు కాలతాయి, అప్పుడు ఆ లక్ష నిజంగానే పెట్టాలి.

కేఆర్‌పురం_కిట్టు
శనివారం పొద్దున కూర్చుని అన్నీ తిరిగి పెట్టాను. పాత పైపు లోపలికి చూస్తే సెన్సర్‌కి ముందు తేనెపట్టు లాంటి ప్లాస్టిక్ జల్లెడ ఉంది. కొత్త పైపులో అది లేదు.

ఓబీడీ_అక్క
గాలి సుళ్ళు తిరగకుండా తిన్నగా పోవడానికి ఆ జల్లెడ. నీ కొత్త పైపులో వంపు దాటగానే సెన్సర్ ఉండి ఉంటుంది, అంకె ఎగిరెగిరి పడి ఉంటుంది. ట్రిమ్ ఎంత?

కేఆర్‌పురం_కిట్టు
40 కిలోమీటర్లు తిరిగాక 2.3 శాతం. ఐడిల్‌లో 2.5 గ్రాములు. జారుడు పూర్తిగా పోయింది! కానీ దబ్ మాత్రం ఇంకా ఉంది, నిజానికి ఇంకొంచెం పెరిగింది. గుండె మళ్ళీ జారింది.

పాతబండి_మామ
కంగారు పడకు. నేర్చుకున్న పాత పాఠం అది. లెక్క సరైంది కానీ పెంచిన ఒత్తిడి అలాగే ఉంది.

ఓబీడీ_అక్క
మామ చెప్పిందే. సర్వీస్ సెంటర్‌లో గేర్‌బాక్స్ అడాప్టేషన్ రీసెట్ చేయమను, దించడాలు వద్దని గట్టిగా చెప్పు. బ్యాటరీ తీసి పెడితే చాలు అంటారు కొందరు, అన్ని బండ్లలో అలా చెరిగిపోదు. రీసెట్ అయ్యాక నూనె బాగా వేడెక్కనిచ్చి, ఖాళీ రోడ్డు మీద ఒకే తీరున మధ్యస్తంగా తొక్కుతూ ఒకటి నుంచి ఆరు దాకా, తర్వాత మెల్లగా ఆగేదాకా. పది పదిహేను సార్లు చెయ్యి.

హెబ్బాళ్_హరి
అదే రోజు ఏటీఎఫ్ కూడా మార్పించు తమ్ముడూ, దయచేసి. క్లచ్ జారిన మూడు వారాల వేడి ఆ నూనె మీద పడింది. కింద ప్లగ్ తీస్తే సగం కూడా రాదు, మిగతాది కన్వర్టర్‌లో ఉంటుంది. అందుకని కొన్ని రోజులు తిప్పి ఇంకోసారి మార్పించు. సంబంధం లేదని మొదట అన్నది నేనే. అక్క వివరించకపోతే నిన్ను తప్పుదారి పట్టించేవాణ్ణి.

ఓబీడీ_అక్క
హరి గారి మాటకు నా ఓటు. రీసెట్ కంటే ముందు నూనె. కొత్త నూనె మీదే కొత్త పాఠం నేర్చుకోవాలి.

కేఆర్‌పురం_కిట్టు
నూనె మార్చారు. దిగిన నూనె పాత కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, కొంచెం మాడు వాసన. కానీ ఇనుప రజను లేదు, అయస్కాంతం మీద సన్నటి బూడిద రంగు పేస్టు తప్ప. రీసెట్ చేయించాను. దేవనహళ్ళి వైపు తెల్లవారుజామున వెళ్ళి అక్క చెప్పినట్టు పన్నెండు సార్లు చేశాను. మొదటి మూడు సార్లు బండి తడబడింది. ఆరోసారికి రెండు నుంచి మూడు ఎప్పుడు పడిందో ఆర్‌పీఎం ముల్లు చూస్తే తప్ప తెలియలేదు. నాన్న పక్క సీట్లో ఉన్నారు, ఏమైందిరా ఇంత నిశ్శబ్దంగా ఉంది అన్నారు. మొత్తం ఖర్చు పది వేల లోపు.

వైట్‌ఫీల్డ్_వాసు
చదువుతుంటేనే హాయిగా ఉంది.

సిల్క్‌బోర్డ్_శీను
ఆ కిట్ ఏం చేస్తావు?

కేఆర్‌పురం_కిట్టు
ఆ శబ్దం మాత్రం గుర్తొస్తుంది శీనూ, గట్టిగా తొక్కినప్పుడు భలే గర్జించేది. అమ్మితే ఇంకెవరి గేర్‌బాక్స్‌కో ఇదే గతి. అటక మీదే ఉంటుంది. కంపెనీ డబ్బాలో కొత్త పేపర్ ఫిల్టర్ వేశాను, పాతది దుమ్ముతో నల్లగా ఉంది. మొదట్లోనే అది మార్చి ఉంటే నాకు కావాల్సిన పికప్‌లో కొంత అక్కడే దొరికేది.

హెచ్ఎస్ఆర్_లావణ్య
అడ్వాన్స్‌లో సగం వెనక్కి ఇచ్చారు. కిట్టు గారూ, ఆ స్కానర్ ఇంకా మీ దగ్గరే ఉందా? నా సీవీటీ ట్రిమ్ ఎంతుందో ఒకసారి చూడాలని ఉంది, మా బేస్‌మెంట్‌లో కూడా ఎలుకలున్నాయి.

కేఆర్‌పురం_కిట్టు
సొంతంగా ఒకటి కొన్నానండీ. ఈ శనివారం తిరుమల, ఆదివారం రాత్రికి వస్తాం. ఆపై ఆదివారం పొద్దున్న ఏడింటికి అగర చెరువు దగ్గరికి రండి. ఇంటి నుంచి నడుపుకుంటూ వస్తే బండి వేడెక్కి ఉంటుంది, అప్పుడే అంకెలు సరిగ్గా తెలుస్తాయి.

ఓబీడీ_అక్క
ఘాట్ రోడ్డు మీద కూడా ఒకసారి ట్రిమ్ చూసి ఇక్కడ రాయి కిట్టూ. నువ్వు కాదు, పక్క సీట్లో నాన్నగారిని చూడమను.